వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు?

ఒక ఎలక్ట్రిక్ కారు బ్రోచరులో నిండు ఛార్జికి 489 కిలోమీటర్ల రేంజి అని ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ 270. ఇంట్లో ఒకసారి నిండా ఛార్జింగ్ పెట్టుకుంటే విజయవాడ చేరాక కూడా ఇంకా బోలెడు మిగలాలి. ఈ లెక్కతో ఎల్బీనగర్ దాటినవాళ్లు కోదాడ వచ్చేసరికి ఏసీ కట్టేసి, అద్దాలు దించుకుని, రోడ్డు కంటే మీటరునే ఎక్కువగా చూస్తూ నడుపుతుంటారు. బండిలో లోపమేమీ లేదు. బయల్దేరేటప్పుడు నమ్ముకున్న అంకె వాళ్లది కాదు, అంతే.

ఆ 489 అబద్ధమూ కాదు. మన దేశంలో రేంజిని ప్రయోగశాలలో రోలర్ల మీద కొలుస్తారు. ఆ పరీక్షలో వేగం గంటకు 90 దాటదు, అదీ కొద్దిసేపే. సగటు చూస్తే అందులో మూడో వంతు, అంటే నగరం ట్రాఫిక్‌లో నడిచినట్టు. ఏసీ ఉండదు, ఎదురుగాలి ఉండదు, వెనక సీట్లో ముగ్గురు మనుషులు, డిక్కీలో ఊరికి తీసుకెళ్లే సామాను ఉండవు. హైవే మీద ఇవన్నీ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా గాలి ఉంటుంది. వేగం 80 నుంచి 100కి పెరిగితే బండిని వెనక్కి తోసే గాలి బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పెట్రోలు బండికీ ఇదే గాలి, ఇదే నిరోధం. కానీ లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. 35 లీటర్ల ట్యాంకంటే 300 యూనిట్ల పైమాటే. అందులో ఎక్కువ భాగం ఇంజిను వేడిగా వృథా చేసేస్తుంది కాబట్టి, గాలి కోసం ఇంకాస్త ఖర్చయినా మనకు తెలియదు. ఎలక్ట్రిక్ కారు 45 యూనిట్లతో సంసారం నడుపుతుంది. అందుకే ప్రతి యూనిట్‌కూ లెక్క కనిపిస్తుంది.

బ్యాటరీకి చెప్పే కిలోవాట్ అవర్, మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్ రెండూ ఒకటే. దూర ప్రయాణానికి తెలుసుకోవాల్సింది బ్యాటరీ ఎంత పెద్దదన్నదొక్కటే కాదు. మీ బండి, మీ కుటుంబంతో, మీరు నడిపే వేగంలో వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు తాగుతుందన్నది అసలు సంగతి. దాదాపు ప్రతి కారూ ఈ అంకెను తెరమీద చూపిస్తుంది. నగరంలో తిరిగిన సగటు ఇక్కడ పనికిరాదు. ఒక ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డెక్కి గంటసేపు స్థిరంగా 90 మీద నడిపి, ట్రిప్ మీటరు చూసి రాసిపెట్టుకోండి. మధ్యస్థాయి ఎస్‌యూవీలకు సాధారణంగా 15, 16 యూనిట్ల దగ్గర తేలుతుంది. మొత్తం ప్రణాళికకు పునాది ఆ ఒక్క అంకే.

వెళ్లేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు మెరక

45 యూనిట్ల బ్యాటరీ, వందకు 15.5 యూనిట్ల ఖర్చు అనుకుందాం. నిండు ఛార్జి అంటే 290 కిలోమీటర్లు. కాగితం మీద విజయవాడ అందుతుంది. కానీ మియాపూర్ నుంచో కూకట్‌పల్లి నుంచో బయల్దేరితే నగరం దాటడానికే మరో 25, 30 కిలోమీటర్లు పోతాయి. 15 శాతం కంటే కిందికి దించకూడదన్న నియమం పెట్టుకుంటే చేతిలో ఉన్నది 245 మాత్రమే. కాబట్టి ఒక్కచోట ఆగాలి. ఎల్బీనగర్ నుంచి 135 కిలోమీటర్ల దగ్గర, సరిగ్గా సగం దారిలో సూర్యాపేట ఉంది. ఎటూ టిఫిన్‌కి ఆగే ఊరే. ఎల్బీనగర్‌లో నిండుగా బయల్దేరిన బండి అక్కడికి 53 శాతంతో చేరుతుంది. పాతిక నిమిషాలు 30 కిలోవాట్ల ఛార్జరుకు పెడితే 80 శాతానికి వస్తుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ చేరేసరికి ఇంకా 33 శాతం ఉంటుంది. 59, 79 యూనిట్ల బ్యాటరీలున్న కొత్త బండ్లకు ఈ దారి పెద్ద విషయమే కాదు. 30 యూనిట్ల పాత బండికైతే నార్కట్‌పల్లి, కోదాడ అని రెండు ఆగుళ్లు ముందే అనుకోవాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. విజయవాడ దాదాపు సముద్రమట్టం దగ్గరే. రోడ్డు మీద ఎక్కడా పెద్ద ఘాట్ లేదు కాబట్టి ఆ వాలు కంటికి కనిపించదు. బ్యాటరీకి మాత్రం తెలుస్తుంది. మనుషులతో, సామానుతో కలిపి రెండు టన్నుల బండిని 500 మీటర్ల ఎత్తుకు లేపడానికే దాదాపు 2.7 యూనిట్లు కావాలి. 45 యూనిట్ల బ్యాటరీలో అది 6 శాతం. వెళ్లేటప్పుడు ఆ మేరకు కలిసొస్తుంది, వచ్చేటప్పుడు చేతి నుంచి పోతుంది. రెండూ కలిపి చూస్తే ఒకే రోడ్డుకి పోనురాను మధ్య పది శాతం దాకా తేడా. పోయేటప్పుడు హాయిగా చేరాం కదా అని వచ్చేటప్పుడూ అదే లెక్క వేసుకున్నవాళ్లకు చౌటుప్పల్ దాటాక గుండె దడ పడుతుంది.

బెంగళూరు దారిలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 570 కిలోమీటర్ల ఆ దారి 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా కర్నూలుకి దిగుతుంది. కర్నూలు 270 మీటర్ల ఎత్తులో ఉంది, బెంగళూరు 900 మీటర్ల పైన. డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ దాటుతూ పోతుంటే బండి తెలియకుండానే 600 మీటర్లు ఎక్కుతుంది. కాబట్టి కర్నూలు దాకా ఉన్న లెక్క కర్నూలు తర్వాత పనిచేయదు. అనంతపురంలో ఇంకో పది నిమిషాలు ఎక్కువ ఆగడం తెలివైన పని. తీరం వెంబడి పోయే విశాఖ రోడ్డుకి ఎత్తుపల్లాల బాధ లేదు కానీ, నైరుతి రుతుపవనాల రోజుల్లో విశాఖ నుంచి విజయవాడ వైపు వచ్చేవాళ్లకు గాలి ఎదురు. దానికితోడు రోడ్డు మీద నీళ్లుంటే టైరుకి అదనపు శ్రమ. ఆ రోజుల్లో మీ అంకెకు ఇంకో యూనిటో, ఒకటిన్నరో కలుపుకోవడం మంచిది.

వేగం సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు గరిష్ఠ వేగం 100. దాన్ని మీరి 110 మీద పోతే 135 కిలోమీటర్లలో మిగిలేది ఏడు నిమిషాలు. దానికోసం ఎక్కువ తాగిన కరెంటును 30 కిలోవాట్ల ఛార్జరు దగ్గర తిరిగి నింపుకోవడానికి పట్టేదీ ఇంచుమించు అంతే. ప్రమాదాన్ని ఉచితంగా నెత్తిన పెట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎనభై దగ్గర ఆపేయండి

కొత్తగా కొన్నవాళ్లు ఛార్జరు దొరికిందంటే వంద శాతం అయ్యేదాకా కదలరు. అది వాళ్లకూ నష్టం, వెనక వరుసలో ఉన్నవాళ్లకూ నష్టం. ఖాళీ బస్సులోకి జనం ఒక్కసారిగా ఎక్కేస్తారు, నిండుతున్నకొద్దీ చోటు వెతుక్కుంటూ ఒక్కొక్కరే సర్దుకోవాలి. బ్యాటరీ కూడా అంతే. 80 శాతం దాకా జోరుగా తీసుకుని ఆ తర్వాత నెమ్మదిస్తుంది. చివరి ఇరవై శాతానికి పట్టే సమయంలో దారిలో ఇంకోచోట ఆగి మళ్లీ బయల్దేరొచ్చు. ఎక్కువసేపు ఒక్కసారి ఆగడం కంటే తక్కువసేపు రెండుసార్లు ఆగడమే లాభం.

ఛార్జరు మీద 60 అని రాసి ఉన్నంత మాత్రాన మీ బండికి 60 అందదు. బండి ఎంత తీసుకోగలదో, ఛార్జరు ఎంత ఇవ్వగలదో, రెండిట్లో ఏది తక్కువైతే అదే. మన హైవేల మీద 30, 60 కిలోవాట్లవే ఎక్కువ. 120, 240వి ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఒకే పెట్టెకు బండికి తగిలించే గన్నులు రెండుంటే, పక్కన ఇంకో బండి పెట్టగానే మీకొచ్చేది సగానికి పడిపోవచ్చు. పాతికేళ్లుగా బంకులో రెండు నిమిషాల్లో పని ముగించుకున్న అలవాటుకి ఇది కష్టంగా అనిపిస్తుంది. దారి వేసుకునేటప్పుడు ఊళ్ల పేర్ల పక్కన ఛార్జరు ఎన్ని కిలోవాట్లో, ఎన్ని గన్నులో కూడా రాసుకుంటే ఆ కష్టం సగం తీరిపోతుంది.

మే నెల మధ్యాహ్నం ఇంకో చిక్కు. సూర్యాపేటలో 44 డిగ్రీల ఎండలో రెండు గంటలు నడిచొచ్చిన బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది. దాన్ని చల్లబరుచుకోవడానికి బండి తనంతట తనే ఛార్జింగ్ వేగం తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరే పెద్దవాళ్ల పద్ధతి మనుషులకెంత మంచిదో ఈ బండ్లకూ అంత మంచిది.

ఒకటి అనుకుంటే రెండోది సిద్ధంగా

బ్యాటరీని నమ్మొచ్చు. మోటారును నమ్మొచ్చు. నమ్మడానికి లేనిది రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడ్డ ఆ ఛార్జింగ్ పెట్టెను.

సూర్యాపేట దాటాక ఒక బంకులో జరిగింది చెబుతాను. యాప్‌లో పచ్చగా చూపిస్తోంది, అంటే ఖాళీ, పనిచేస్తోంది. బండి ఆపి, బరువైన నల్లటి గన్నును రెండు చేతులతో ఎత్తి సాకెట్లో నొక్కాను. లోపల టక్కుమని తాళం పడింది. తెరమీద బండి పేరు, శాతం వచ్చాయి. 28 కిలోవాట్లు చూపించింది. కూలింగ్ ఫ్యాన్లు హోరెత్తాయి. మూడో నిమిషంలో అంతా ఒక్కసారి ఆగిపోయి ఎర్ర దీపం వెలిగింది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే సంగీతం వినిపిస్తోంది తప్ప మనిషి పలకలేదు. అప్పుడు పెట్రోలు కొడుతున్న కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“వోల్టేజి కిందమీదైతే ఇట్లనే ఆగుతది సార్. ఆ ఎర్ర గుండీ ఒత్తి, మల్ల కుడిదిక్కు తిప్పున్రి, పైకొస్తది. గన్ను ఊడదీసి రెండు నిమిషాలాగి మల్ల పెట్టున్రి.”

అలాగే చేశాం. మళ్లీ మొదలైంది. ఈసారి నిలబడింది. ఆ పని అతని ఉద్యోగంలో భాగం కాదు. దానికి అతనికెవరూ జీతమివ్వరు. వచ్చిన ప్రతి బండికీ అతనే చెబుతున్నాడట. మన రహదారుల మీద ఎలక్ట్రిక్ ప్రయాణం ఇవాళ ఇంతమాత్రమైనా నడుస్తోందంటే ఇలాంటి కుర్రాళ్ల చలవ చాలా ఉంది.

అందుకే ఈ ప్రయాణాల్లో ఆరితేరినవాళ్లందరూ పాటించే పద్ధతి ఒకటే. ఛార్జరును ఎంచుకునేటప్పుడు దాని తర్వాతి ఛార్జరు దాకా వెళ్లేంత కరెంటు బ్యాటరీలో మిగిలి ఉండాలి. సూర్యాపేటలో ఆగాలనుకుంటే అది పనిచేయకపోయినా కోదాడ అందాలి. 10 శాతంతో చేరేలా లెక్క వేసుకుంటే ఆ ఒక్క పెట్టె దయ మీద ఆధారపడ్డట్టే. 25, 30 శాతంతో చేరితే అది పాడైనా పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. అలాగే ఒకేచోట ఒక్క ఛార్జరున్న బంకు కంటే, కాస్త ముందో వెనకో అయినా రెండు మూడు పెట్టెలున్న హోటలే మేలు.

ముందురోజు రాత్రి అరగంట కూర్చుంటే ఈ పనంతా అయిపోతుంది. టాటా పవర్, జియో-బీపీ, స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియాన్... ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. మీ దారిలో ఉన్నవాటిని ఇంట్లో వైఫై ఉండగానే దించుకుని, ఫోన్ నంబరు నమోదు చేసి, రెండు మూడు వందలు వేసుకోవాలి. సిగ్నల్ సరిగా లేని చోట ఎండలో నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడటం చిన్నపిల్లలు బండిలో ఉన్నప్పుడు ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ప్లగ్‌షేర్ లాంటి వాటిలో ఛార్జరు బొమ్మ కంటే ముఖ్యమైనది, దాన్ని చివరిసారి ఎవరు ఎప్పుడు వాడారన్న వివరం. నిన్నో మొన్నో ఎవరో విజయవంతంగా పెట్టుకున్నారంటే నమ్మొచ్చు. రెండు నెలలుగా ఎవరూ రాయలేదంటే అనుమానించాలి. హోటల్ నంబరు దొరికితే ఒక ఫోన్ కొట్టి “ఛార్జింగ్ నడుస్తోందా అండీ?” అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం. ఈ బండ్లలో పెద్ద బ్యాటరీతో పాటు మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు. మూడేళ్లు దాటితే బయల్దేరే ముందు ఒకసారి చూపించుకోవాలి.

ఆగిన చోట ఏముంది?

విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు. హనుమాన్ జంక్షన్, ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు దాటి సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి, రావులపాలెం తర్వాత జొన్నాడ దగ్గర గౌతమి. దేశంలో ఛార్జింగ్ ఆగుళ్లకు ఇంత అనువైన రోడ్డు ఇంకోటి ఉందంటే నేను ఒప్పుకోను. పెట్రోలు బండిలో ఆరు గంటల్లో తోలేసే ఈ దారిలో మనం ఎన్ని ఊళ్ల పేర్లు బోర్డుల మీద చదివి వదిలేశామో! రావులపాలెం అరటి మార్కెట్లో గెలల వేలం చూడటానికి అరగంట సరిపోతుంది. పక్కనే ఆత్రేయపురం, పూతరేకుల ఊరు. కడియం నర్సరీల్లో మొక్క కొనకుండా బయటకు రావడం కష్టం. అనకాపల్లి బెల్లం సంగతి చెప్పనే అక్కర్లేదు.

లెక్క ప్రకారం అదే 45 యూనిట్ల బండి నిండు ఛార్జితో విజయవాడ వదిలితే రాజమహేంద్రవరం 47 శాతంతో చేరుతుంది. అక్కడ 85 దాకా నింపుకుంటే విశాఖ 18 శాతంతో అందుతుంది. అందుతుంది కానీ, ఎదురుగాలికి, దారి మళ్లింపులకు చోటుండదు. అందుకని అన్నవరంలో ఇంకో ఆగుడు పెట్టుకోవాలి. రత్నగిరి హైవేకి ఆనుకునే ఉంది. సత్యదేవుడి దర్శనానికి వెళ్తే బండికి కావలసినంత సమయం దొరుకుతుంది. వెళ్లకపోయినా కొండ కింద విస్తరాకులో ఇచ్చే ఆ గోధుమరవ్వ ప్రసాదం తినేలోపు పది శాతం ఎక్కుతుంది. ఆగుడును భోజనంతోనో, దర్శనంతోనో, చుట్టాలింటితోనో కలిపేస్తే ఛార్జింగ్‌కి ప్రత్యేకంగా పోయే సమయం చాలా తక్కువ. బండి దగ్గర నిలబడి శాతాలు లెక్కపెట్టేవాళ్లకే ఆ ముప్పై నిమిషాలు ముప్పై గంటలు.

కొండ ఎక్కేముందు, దిగేముందు

తిరుపతి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు. రెండు టన్నుల బండిని అంత ఎత్తుకి లేపాలంటే 4 యూనిట్లకు కాస్త తక్కువ పడుతుంది. దానికి ఘాట్ రోడ్డు దూరానికయ్యే మామూలు ఖర్చు కలపాలి. మొత్తం 14, 15 శాతం. పైకెక్కేటప్పుడు మీటరు దిగిపోతుంటే కంగారుపడతారు కానీ, దిగేటప్పుడు అందులో కొంత తిరిగొస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి, చక్రాల వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీలో వేస్తుంది. మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు మీద కాలు పెట్టే అవసరమే తగ్గిపోతుంది. బ్రేకులు కాలిన వాసన లేకుండా కొండ దిగడం ఈ బండ్లు ఇచ్చే పెద్ద సుఖం.

అయితే ఒక జాగ్రత్త. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ వచ్చే కరెంటుకి చోటుండదు. అప్పుడు మోటారు బండిని ఆపడం మానేస్తుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అరకులో రాత్రి బసచేసి గెస్ట్‌హౌస్‌లో వంద శాతం నింపుకుని పొద్దున్నే అనంతగిరి ఘాట్ దిగేవాళ్లకు ఇదే ఎదురవుతుంది. కాలు తీసినా బండి ఆగదు, అలవాటు తప్పి చేయి వణుకుతుంది. కొండ మీద 85 శాతం దగ్గర ఆపేయడం భద్రత కోసం. కరెంటు పొదుపు కోసం కాదు.

శ్రీశైలం దారి వేరు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల పులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూస్తారు. సాయంత్రం ఛార్జరు దగ్గర వరుసలో ఇరుక్కుంటే ఆ రాత్రి ప్రయాణం అంతటితో సరి. అడవిలో ఛార్జింగ్ దొరుకుతుందని లెక్కలో పెట్టుకోకూడదు. మైదానంలోనే నింపుకుని, వెళ్లి ఆనకట్ట దగ్గర దిగి, ఎక్కి, తిరిగి అడవి దాటేంత చేతిలో ఉంచుకోవాలి.

అమ్మమ్మగారి ఊళ్లో ప్లగ్గు

దూర ప్రయాణంలో అన్నిటికంటే చవకైన, నమ్మకమైన ఛార్జింగ్ మనం చేరిన ఇంట్లోనే ఉంటుంది. ఏసీకో మోటారుకో పెట్టిన 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు. గంటకు 3 యూనిట్లు. రాత్రి పదింటికి పెడితే పొద్దున ఎనిమిదికి 30 యూనిట్లు, అంటే 190 కిలోమీటర్ల ప్రయాణం నిద్రలోనే సమకూరుతుంది.

కానీ పల్లెల్లో చాలా ఇళ్లల్లో కారుతో వచ్చే ఛార్జరు డబ్బా మీద ఎర్ర దీపం వెలిగి అక్కడితో ఆగిపోతుంది. కారణం ఎర్తింగ్. ఎర్తు సరిగా లేకపోతే బండి కరెంటు తీసుకోవడానికి ఒప్పుకోదు. మనుషుల ప్రాణాల కోసం పెట్టిన ఏర్పాటు అది, దాన్ని దాటవేసే చిట్కాలు ఎవరు చెప్పినా వినొద్దు. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటుంది. ఒక్కోసారి రెండు బిందెల నీళ్లు పోస్తేనే దీపం పచ్చగా మారుతుంది. కాకపోతే ఊరి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి కొత్త ఎర్తు వేయించడమే. ఇంటి మొత్తానికీ అది మేలు, ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమనే బాధ కూడా అదే రోజు తీరిపోతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం వాడకండి. గంటల తరబడి పారే ఆ కరెంటుకి వైరు వేడెక్కి కరుగుతుంది, మంటలు రేగొచ్చు. బండినే ప్లగ్గు దగ్గరికి తీసుకెళ్లండి, అవసరమైతే అరుగు మీద నుంచి మంచాన్ని కాస్త జరపండి.

పండక్కి వెళ్లేవాళ్లకు

భోగి ముందురోజు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లను టీవీల్లో ఏటా చూస్తూనే ఉంటాం. ఆ జామ్‌లో ఇరుక్కుంటే బ్యాటరీ అయిపోతుందని చాలామందికి భయం. నిజానికి ఆగిన బండిలో మోటారు ఏమీ తాగదు. ఏసీ, లైట్లు కలిపి గంటకు ఒక యూనిట్, మహా అయితే ఒకటిన్నర. అంటే మూడు శాతం. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఈ బండ్లు హైవే కంటే తక్కువే తాగుతాయి. అసలు ఇబ్బంది ఛార్జర్ల దగ్గర. నాలుగు బండ్లు ముందుంటే రెండు గంటలు పోయినట్టే. పండగ రోజుల్లో ఇంటి నుంచి వంద శాతంతోనే బయల్దేరి, ఊరు దాటగానే కనిపించిన మొదటి ఖాళీ ఛార్జరు దగ్గర అవసరం ఉన్నా లేకపోయినా పది నిమిషాలు పెట్టుకుంటే, సూర్యాపేట వరుసలో నిలబడకుండానే గట్టెక్కొచ్చు.

డబ్బు సంగతి క్లుప్తంగా. విజయవాడ దాకా 42 యూనిట్లు. ఇంటి కరెంటు యూనిట్ 9 రూపాయల చొప్పున 380. పూర్తిగా దారిలోనే, పన్నుతో కలిపి యూనిట్ 22 చొప్పున నింపుకుంటే 920 దాకా. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు బండికి, లీటరు 107 చొప్పున 1,900 దాటుతుంది. దారిలో ధర అంత ఎక్కువ కావడానికి ఒక కారణం పన్ను. ఎలక్ట్రిక్ కారు మీద 2019 ఆగస్టు నుంచి జీఎస్టీ 5 శాతమే, అదే కారుకు బయట పెట్టించే ఛార్జింగ్ మీద 18 శాతం. బండి కొనమని ప్రోత్సహించి, దూరం వెళ్లేటప్పుడు వడ్డించడం ఏ న్యాయమో అర్థం కాదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం తప్పు. తెలంగాణ 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా ఎత్తేసింది, 2026 డిసెంబరు దాకా. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద ఛార్జింగ్ కేంద్రాలకే 2,000 కోట్లు కేటాయించింది. హైవే మీద రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని 2018లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఈ అంకెలన్నీ కాగితం మీదివి. ఇవాళ మధ్యాహ్నం ఎన్ని ఛార్జర్లు పనిచేస్తున్నాయన్న లెక్క ఎవరూ చెప్పరు. రాయితీ తీసుకున్న ప్రతి కేంద్రమూ నెలలో ఎన్ని గంటలు పనిచేసిందో జనానికి కనిపించేలా పెట్టమనాలి. పనిచేయని పెట్టెకు రాయితీ వెనక్కి తీసుకోవాలి. బంకు వెనక చీకట్లో, లైటూ నీడా బాత్రూమూ లేనిచోట పెట్టిన ఛార్జరు దగ్గర రాత్రిపూట ఒంటరిగా ఆడపిల్ల ముప్పై నిమిషాలు ఎలా నిలబడుతుంది? కేంద్రానికి అనుమతి ఇచ్చే అధికారి ఆ ఒక్క ప్రశ్న వేసుకున్నా స్థలాల ఎంపిక మారిపోతుంది. పెట్రోలు, భోజనం, ఆసుపత్రి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే నీలిరంగు బోర్డులు మన హైవేల మీద ఉన్నాయి. వాటి కిందే ఇంకో వరుస రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు: ఛార్జింగ్, 60 కిలోవాట్లు, రెండు గన్నులు, 12 కిలోమీటర్లు.